నన్ను నడకకు పంపిన పెద్దమ్మ

పెద్దమ్మ పోయిందని పోయిన వారం బేతంచెర్ల నుంచి ఆమె కొడుకు ఫోన్ చేశాడు. షుగరు, మోకాళ్ల నొప్పులు ఎన్నేళ్లుగానో ఉన్నాయి. చివరికి గుండె ఆగిపోయింది. మా అమ్మకు అక్క. అమ్మ లేని నాకు కాన్పుకు పుట్టిల్లు ఆమె ఇల్లే.

కడుపుతో ఉన్నప్పుడు డాక్టరమ్మ, "బరువు మరీ పెరుగుతున్నావు. తిండి మానొద్దు, తీపీ నెయ్యీ తగ్గించి రోజూ నడువు" అంది. చుట్టాలు వింటేగా! చూడడానికి ఎవరొచ్చినా తీపి ఓళిగలు, నేతి గిన్నె తేవాల్సిందే. వద్దంటే ముఖం మాడ్చుకుంటారు. "రెండు పానాలమ్మీ, ఇద్దరి తిండి తినల్ల" అంటూ కుక్కేవాళ్లు. పెద్దమ్మ గబుక్కున నా పళ్లెం లాక్కునేది. "పెద్దదాన్ని నేనీడుంటే దానికి పెడతారా? ఇట్ల తెండి!" అని అందర్నీ నవ్వించి, నా వంతు తానే తినేసేది. వాళ్లు ఖాళీ గిన్నెతో సంతోషంగా వెళ్లేవాళ్లు. ఆ తీపి ఆమెకు ఎంత చేటు చేసిందో ఇప్పుడు తలుచుకుంటున్నాను.

పాప పుట్టాక, బాలింత మంచం దిగకూడదన్నారు చుట్టాలు.

"నన్నట్లనే ప్రతి కాన్పుకూ నెలలు నెలలు పండబెట్నారు. ఒంట్లో చేరిన బరువు మళ్లా పోలేదు. నాకెవురూ చెప్పలేదమ్మీ" అంది పెద్దమ్మ, ఉయ్యాల ఊపుతూ.

డాక్టరమ్మ సరేనన్నాక సాయంత్రాలు నన్ను బయల్దేరదీసేది. బండల లారీలు రేపే దుమ్ములో కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఆగి ఆగి నడిచేది. రోడ్డు పక్కన పేర్చిన నాపరాళ్ల దగ్గరకు రాగానే కూలబడి, పాపను ఒళ్లోకి తీసుకునేది. "నువ్వు స్టేషను దాకా పొయ్యిరా. నా మాదిరి కావద్దు."

నా పాత జాకెట్లు మళ్లీ పట్టిన రోజున నాకంటే ఆమే మురిసిపోయింది. తనకూ అలాంటి ఆశ ఉండొచ్చని ఇంట్లో ఎవరికీ తోచలేదు. ఆమె నడకకు తగ్గట్టు ఆమె పక్కనే ఎవరైనా నడిచి ఉంటే ఎంత బాగుండేది!

ఒక సాయంత్రం స్టేషను నుంచి రోజూకంటే త్వరగా తిరిగొస్తూ దూరం నుంచే చూశాను. పాపను భుజాన వేసుకుని పెద్దమ్మ రోడ్డు మీద మెల్లగా నడుస్తోంది. కొద్ది దూరం వచ్చి మోకాలు పట్టుకుంది. ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసి, వెనక్కి తిరిగి వెళ్లి కూర్చుంది. నేను దగ్గరికి వచ్చేసరికి కొంగుతో ముఖం తుడుచుకుంటోంది.

"ఈపొద్దు శానా బిన్నా వచ్చినావే!" అంది, ఆయాసాన్ని నవ్వుతో దాచుకుంటూ.