ముత్యం కట్టిన గుర్రాల కొట్టం

ముత్యానికి గుర్రాల బాధలు తప్ప మనుషుల బాధలు పట్టవని మేమంతా నమ్మాం. అవీ నిజం గుర్రాలైతే సరే అనుకోవచ్చు. బొటనవేలంత ప్లాస్టిక్ గుర్రాలు!

ముత్యం కోరుట్ల వడ్రంగి. ఖతర్‌లో ఉమ్ సలాల్ దగ్గర ఒక తోటలో గుర్రాల కొట్టాలకు తలుపులూ తొట్లూ బాగుచేయడం అతని డ్యూటీ. అతని ఊరివాడే బుర్హానుద్దీన్. ముషైరిబ్‌లో బుర్హానుద్దీన్‌దీ నాదీ ఒకే ఆఫీసు. ప్రతి శుక్రవారం జుమా నమాజు అయ్యాక అల్ అజీజియాలోని బుర్హానుద్దీన్ ఫ్లాట్లో, భోజనాల బల్ల మీద మేం ముగ్గురం యుద్ధం చేస్తాం. నేనూ, బుర్హానుద్దీనూ కాక మూడోవాడు ఇక్బాల్. బొమ్మ సైనికులు, బొమ్మ గుర్రాలు, పాచికలు, టేపుతో కొలిచి మరీ దండు నడపడం. నవ్వకండి. యాభై దాటిన మగవాళ్ళకు ఇంతకన్నా మర్యాదైన వ్యసనం లేదు.

కోట పక్కన పెట్టడానికి బుర్హానుద్దీన్ ఒక గుర్రపుశాల కిట్ తెప్పించి, ముక్కలు అతికించమని ముత్యాన్ని పిలిచాడు. ముత్యం వాటిని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"భాయ్, తొట్టి ఏది? గుర్రం నీళ్ళు ఏడ తాగుతది?"

"అరే, ప్లాస్టిక్ గుర్రం తాగదు భయ్యా!"

"తొట్టి లేకుంటె అది కొట్టమెట్లయితది?"

కిట్ డబ్బాలోనే ఉండిపోయింది. మరుసటి వారానికి ముత్యం సొంతంగా కొట్టం కట్టుకొచ్చాడు. ఐస్‌క్రీమ్ పుల్లల గోడలు, ఖర్జూరపు పీచు కప్పు, సీసా మూత తొట్టి. వీడియో కాల్‌లో భార్య పోచవ్వకు చూపించాడు కూడా.

"దుబాయ్ల గుర్రాలు గింతే ఉంటయా? పాపం, తిండి వెడ్తలేరా?" అందావిడ. ఆవిడకు గల్ఫ్ అంతా దుబాయే.

ఇక్బాల్ కుడిచెయ్యి నిరుడు సైట్లో విరిగింది. ప్లేటు వేశారు గానీ వేళ్ళు సరిగ్గా ముడుచుకోవు. గుర్రాన్ని పట్టుకోబోతే పక్కనున్న నలుగురు సైనికులు బోర్లా పడేవారు. మేం చూడనట్టు నటించేవాళ్ళం. అది ఇంకా ఘోరం. ఒకరోజు ముత్యం చాయ్ గ్లాసులు అందిస్తుండగా ఇక్బాల్ అనేశాడు.

"ఈద్ దాకా వస్తా. తర్వాత నన్ను వదిలెయ్యండి భాయ్. నా చెయ్యి ఆటంతా ఖరాబ్ చేస్తుంది."

ఇరవై ఏళ్ళ స్నేహం మాది. బుర్హానుద్దీన్ పాచికలు ఏరసాగాడు, నేను టేపు చుట్టసాగాను. ముత్యం మాత్రం కొట్టాన్ని చంకలో పెట్టుకుని లేచాడు.

"తలుపు ఇరుకున్నది. గుర్రం డొక్క గీరుకపోతది. సక్కజేసి తెస్త."

నాకు ఒళ్ళు మండింది. ఎదురుగా మనిషి కుమిలిపోతుంటే, గుర్రం డొక్కట!

తర్వాతి వారం తలుపులు రెండింతలయ్యాయి. ఆపై వారం కప్పు మొత్తం ఊడొచ్చేలా చేసి, దానిమీద నిమ్మకాయంత చెక్క పిడి బిగించాడు. "లోపల ఉక్కవోస్తున్నది సారూ, గాలాడాలె" అన్నాడు. మూడో వారం గుర్రాలన్నింటినీ బరువైన చెక్క దిమ్మెల మీద అతికించి, ఒక్కో దిమ్మె వెనక వేలంత పుల్ల నిలబెట్టాడు. ఎందుకయ్యా అంటే, "ఇసుకల కాళ్ళు దిగవడ్తయి" అట.

బుర్హానుద్దీన్ తల పట్టుకున్నాడు. "ఇది యుద్ధమా, గుర్రాల ఆస్పత్రా? అందం మొత్తం పోయింది!"

"అందం గుర్రం తింటదా భాయ్?"

ఈద్ ముందరి శుక్రవారం వచ్చింది. అదే ఇక్బాల్ ఆఖరి ఆట అని ముగ్గురికీ తెలుసు. అతని వంతు రాగానే పిడిమీద అరచెయ్యి వేసి కప్పు తీసి పక్కన పెట్టాడు. పుల్లను రెండు వేళ్ళ సందున ఇరికించి, గుర్రాన్ని ఎత్తకుండానే ఆ వెడల్పు తలుపులోంచి బయటికి తోశాడు. పక్కనున్న సైనికుల్లో ఒక్కడూ కదల్లేదు. రెండో గుర్రం వచ్చింది. మూడోదీ వచ్చింది. అరగంటలో నా దండు చాప చుట్టేసింది.

"యల్లా, చలో రాజేందర్, లొంగిపో!" అని అరిచాడు ఇక్బాల్. అతని గొంతులో ఆ హుషారు విని ఏడాదయింది. "ఈద్ తర్వాత బుర్హాన్ సంగతి చూస్తా!"

నేను లేచి వంటగదిలోకి వెళ్ళాను. ముత్యం గ్లాసులు కడుగుతున్నాడు.

"ఇదంతా ఇక్బాల్ కోసమే గదా?"

"గుర్రాలకు, సారూ" అన్నాడు, తల తిప్పకుండా. "మనిషికని చేస్తె మనిషి సిగ్గువడ్తడు. గుర్రానికేం సిగ్గు?"

ఇన్ని వారాలు అతన్ని మనసులో తిట్టుకున్నందుకు నా మీద నాకే సిగ్గేసింది.

ఈద్ తర్వాతి శుక్రవారం నేను ఆటకు కూర్చోబోతే నా కుర్చీలో మందపాటి మెత్త, నడుముకు ఆనేలా ఒక నున్నటి చెక్క పలక కనిపించాయి.

"ఇదేంది ముత్యం?"

"మీరు లేస్తుంటె, కూసుంటుంటె కుర్చీ కిర్రుమంటున్నది సారూ. గుర్రాలు బెదురుతున్నయి."

నా నడుంనొప్పి సంగతి నేను ఇంట్లో నా భార్య శోభకు కూడా చెప్పలేదు. కూర్చుని వెనక్కి ఆనుకున్నాను. నిజమే, ఆ రోజు ఒక్క గుర్రమూ బెదరలేదు.