పాము పెట్టెకు నాలుగో క్లిప్పు

ఒక ప్రాణిని పెంచుకోవాలనుకున్నప్పుడు నా మనసులో పాము లేదు, కుక్క ఉంది. కానీ రోజంతా ఆఫీసులో ఉండేవాడు కుక్కను పెంచితే అది కుక్కకు అన్యాయం. పిల్లి బొచ్చు నా రూమ్మేట్‌కు పడదు, తుమ్ములు మొదలైతే ఆగవు. చిలుక అరుస్తుంది. చేపల్ని ఇదివరకు పెంచాను గానీ వాటిని చేతిలోకి తీసుకోలేం. చప్పుడు ఉండకూడదు, బొచ్చు ఉండకూడదు, నేను నాలుగు రోజులు ఊరెళ్తే ఇబ్బంది పడకూడదు, చేత్తో పట్టుకునే వీలుండాలి. ఇలా షరతులన్నీ రాసుకుని, కుదరని వాటిని కొట్టేసుకుంటూ పోతే చివరికి మిగిలింది పాము. షరతుల్లో ఏదో తప్పు రాసి ఉంటానని మళ్ళీ చదివాను. తప్పేమీ లేదు.

ప్లెయిన్స్‌బరోలో రెండు పడకగదుల అపార్ట్‌మెంట్ మాది. ఒక గది నాది, ఒకటి రూమ్మేట్‌ది. వాడిది వరంగల్ వైపు, నాది కాకినాడ. వంట వాడు చేస్తాడు, గిన్నెలు నేను తోముతాను. పాము మాట ఎత్తగానే గరిటె పొయ్యి మీదే వదిలేసి నా వైపు తిరిగాడు.

"ఏంరా, దిమాక్ ఖరాబైందా?"

"విషం ఉండదురా. కార్న్ స్నేక్ అంటారు. సాధువైన జాతి. కొత్తగా పెంచేవాళ్ళకి అదే మంచిదని అందరూ చెప్తున్నారు."

"విషం సంగతి కాదు మామా. అది పాకుతది. నాకు గదే ప్రాబ్లం."

వాడు పాము అన్న మాట అనడు. ఇంట్లో ఆ పేరు తలిస్తే వస్తుందని వాళ్ళమ్మ చిన్నప్పుడు అననిచ్చేది కాదట. అందుకని 'పురుగు' అంటాడు. రెండు మూడు వారాలు బతిమాలాక ఒప్పుకున్నాడు, ఒక షరతు మీద.

"నీ పురుగు పెట్టెల ఉన్నన్ని దినాలు నాకు ఓకే. ఒక్కసారి బయట కనబడ్డదనుకో, అది పోవాలె. లేదంటే నేను పోత. నేను పోతే నీకు వండి పెట్టేటోడు ఎవడూ ఉండడు, మంచిగ ఆలోచించుకో."

ఆలోచించుకున్నాను. ఒప్పందం న్యాయంగానే ఉంది.

పాము కంటే ముందు దాని ఇల్లు కొన్నాను. గాజు పెట్టె, పైన జాలీ మూత, మూతకు నాలుగు మూలలా నాలుగు క్లిప్పులు. పాము తన ఒంటి వేడిని తనే పుట్టించుకోలేదు, వేడి కావాలంటే వెచ్చటి చోటికి, చాలనుకుంటే చల్లటి చోటికి జరగాలి. అందుకని పెట్టెలో ఒక పక్క అడుగున హీట్ మ్యాట్, రెండో పక్క ఏమీ లేకుండా వదిలేశాను. దాక్కోవడానికి రెండు వైపులా చిన్న గూళ్ళు, మధ్యలో నీళ్ళ గిన్నె, కింద చెక్కపొట్టు. మ్యాట్ మరీ వేడెక్కకుండా థర్మోస్టాట్ బిగించాను. వేడి నిలకడగా ఉంటోందో లేదో చూడాలని ఆ పెట్టెను ఖాళీగానే చాలా రోజులు నడిపాను. రూమ్మేట్‌కు అది తెగ నచ్చింది. "ఇట్లనే ఉంచు మామా, మస్తుగుంది" అనేవాడు.

తర్వాత, పాములు పెంచి అమ్మేవాళ్ళు బల్లలు వేసుకుని కూర్చునే ఒక ప్రదర్శనకు వెళ్ళాను. ఒక పెద్దావిడ బల్ల దగ్గర తెలుపూ ఎరుపూ కలిసిన పాము పిల్ల ఒకటి కనిపించింది. అదే కావాలన్నాను. ఆవిడ వెంటనే ఇవ్వలేదు. పెట్టె ఏదీ, ఫొటో చూపించమంది. ఇంట్లో ఎవరెవరు ఉంటారని అడిగింది. నేను అడిగిన పిల్ల ఇంకా చాలా చిన్నదని, తిండి సరిగ్గా పట్టలేదని, మొదటిసారి పెంచేవాడికి బెంగ తప్ప ఇంకేం మిగలదని చెప్పి, ఏడాది వయసున్న మరో దాన్ని తీసింది. ఇటుక రంగు ఒళ్ళు, దాని మీద ముదురు మచ్చలు. ఫ్రీజర్‌లో నిలవ చేసిన ఎలుకపిల్లను కరిగించి పెడితే మారాం చేయకుండా తింటుందట. కళ్ళు తేటగా ఉన్నాయా, ఊపిరిలో గురక ఉందా, తోక చివర పాత కుబుసం అంటుకుని ఉందా అని చదువుకుని వెళ్ళినవన్నీ చూసుకున్నాను. ఆవిడ ఓపిగ్గా నిలబడి, అంతా అయ్యాక దాన్ని నా చేతిలో పెట్టింది.

తడిగా, జిగటగా ఉంటుందనుకున్నాను. పొడిగా ఉంది. కొత్త తోలు బెల్టులా నున్నగా, చల్లగా ఉంది. నా వేళ్ళ సందుల్లోంచి తీరుబడిగా దూరుతూ పోయింది. నా గుండె మాత్రం అంత తీరుబడిగా లేదు.

ఆవిడ రెండు మాటలు చెప్పి పంపింది. తల పట్టే సందుంటే ఒళ్ళంతా పడుతుంది, మూత సరిగ్గా చూసుకో. పెంచడం కుదరకపోతే ఎక్కడా వదిలేయకు, నాకే తెచ్చి ఇవ్వు.

మొదటి వారం దాన్ని ముట్టుకోలేదు. కొత్త చోటు అలవాటు పడనివ్వాలి. ఎలుకపిల్లల కోసం నా గదిలోనే వేరే చిన్న ఫ్రీజర్ పెట్టాను. వాటిని గోరువెచ్చటి నీళ్ళలో కరిగించే కప్పు వంటింటి గడప తొక్కదు. మొదటిసారి తిండి పెట్టిన రోజు రూమ్మేట్ తన గది తలుపేసుకుని టీవీ సౌండ్ పెంచాడు. పటకారుతో ఎలుకపిల్లను చూపించగానే పాము ఒక్క ఉదుటున అందుకుని, చుట్టుకుని, ఆ తర్వాత నింపాదిగా మింగింది. తిండి మొదలెడుతుందో లేదోనన్న నా బెంగ అక్కడితో తీరింది.

"తిన్నదా?" తలుపు వెనక నుంచి వాడి గొంతు.

"తింది."

"నువ్వు ఉన్నవ్ గదా?"

అలా శీతాకాలం దాకా సాఫీగా గడిచింది. చలి ముదిరాక నా గది బాగా చల్లబడడం మొదలైంది. థర్మోస్టాట్ చూపించే అంకె మీద నాకు అనుమానం వచ్చింది. ఒక శుక్రవారం దాని సెన్సర్ వైరును మ్యాట్ మీద సరిగ్గా ఆనేలా మార్చాను. కొత్త దారిలో వైరు మూత మూల కిందుగా వచ్చింది. ఆ మూలనున్న నాలుగో క్లిప్పు పడింది గానీ 'టక్' అనలేదు. మిగతా మూడూ అన్నాయి. నేను వేడి చూసుకునే ధ్యాసలో ఉన్నాను.

శనివారం పొద్దున పెట్టెలో పాము లేదు. గూళ్ళు రెండూ ఎత్తి చూశాను. చెక్కపొట్టంతా చేత్తో దేవాను. మూత మూల వేలు పట్టేంత లేచి ఉంది. గది తలుపు బార్లా తీసి ఉంది, కిటికీ అవతల మంచు. ఏ గోడ సందులోనో చల్లటి చోట ఇరుక్కుంటే అది మెల్లగా మొద్దుబారిపోతుంది. దొరికినా, ఒప్పందం ప్రకారం ఇక నాది కాదు. ఈ రెండూ ఒకేసారి తట్టాయి.

రూమ్మేట్ అప్పటికే ఇండియన్ స్టోర్‌కు వెళ్ళి ఉన్నాడు. మధ్యాహ్నం వాడి ఆఫీసు వాళ్ళు దోశలకు వస్తున్నారు. ఫోన్ చేశాను.

"ఒక మాట చెప్పాలి. కార్ పక్కన ఆపు."

"పోయిందా?"

"పోయింది."

"సచ్చిపోయిందా, బయటికి పోయిందా?"

"బయటికి."

"ఆ మొదటిదే నయముండె గదరా" అన్నాడు.

కాసేపటికి మా పార్కింగ్ లాట్‌కు వచ్చాడు గానీ పైకి రాలేదు. కార్‌లోనే హీటర్ వేసుకుని కూర్చుని వీడియో కాల్ చేశాడు. "ఫోన్ తిప్పు. ఏడేడ చూసినవో చూపెట్టు."

చూపించాను. మంచం కింద, పుస్తకాల వెనక, షూల లోపల చూశాను. దూరం నుంచే వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో గది మూలమూలా వెతికాను. చాలాసేపు వెతికాక గానీ, పాము ఒళ్ళు గది ఎంత చల్లగా ఉంటే అంత చల్లగానే ఉంటుందని, ఆ పరికరానికి అది కనపడదని వెలగలేదు. అప్పుడు అది తీసి పక్కన పెట్టి, ప్రతి గుమ్మంలో అడ్డంగా బియ్యప్పిండి చల్లడం మొదలుపెట్టాను. పాము దాటితే పిండిలో జాడ పడుతుంది.

"ఏంరా, ముగ్గులేస్తున్నవా?"

"జాడ కోసంరా."

"నా బియ్యప్పిండేనా?"

"నీదే."

"చెయ్, చెయ్. అంత నాదే. ఇల్లు నాది, పిండి నాది, పురుగొక్కటే నీది."

పిండి గీతలు గీసినవి గీసినట్టే ఉన్నాయి. అంటే అది ఎక్కడో ఒకచోట కదలకుండా ఉంది. సోఫా ఒరిగించి అడుగున టార్చ్ వేశాను. అక్కడా లేదు.

"సరే గానీ, ఒక పని చెయ్" అన్నాడు వాడు. "పిండి చూడు."

"చూస్తూనే ఉన్నాను, జాడ లేదు."

"అది కాదురా, దోశల పిండి. రాత్రి రుబ్బి పెట్టిన. ఈపాటికి పొంగుంటది, తియ్యకుంటే కారుతది."

"నేనిక్కడ పాము దొరక్క చస్తుంటే నీ పిండి గోలేంట్రా!"

"అరే, చలికి పిండి పులుస్తలేదని వాటర్ హీటర్ కాడ పెట్టిన. దుప్పటి చుట్టి మరీ పెట్టిన. ఇల్లు మొత్తం మీద గంత వెచ్చగ ఇంకేడ..."

మాట మధ్యలో ఆగిపోయాడు. నేనూ నిలబడిపోయాను.

"మామా," అన్నాడు బాగా గొంతు తగ్గించి, "తలుపు మెల్లగ తియ్యి."

వాటర్ హీటర్ ఉన్నది వంటింటి పక్కన అలమరా అంత గదిలో. తలుపెప్పుడూ మూసే ఉంటుందని నేను దాన్ని లెక్కలోకే తీసుకోలేదు. తలుపు కింద రెండు వేళ్ళు పట్టే సందుంది. మెల్లగా తీశాను. నేల మీద పెద్ద స్టీలు గిన్నె, మూత పెట్టి, పాత నీలం దుప్పటి చుట్టి ఉంది. దుప్పటి మడతలో ఇటుక రంగు చుట్ట. తల కొంచెం పైకెత్తి, నాలుక ఒకసారి ఆడించి, మళ్ళీ మడతలోకి దించుకుంది. దానికి ఏ తొందరా లేదు.

నేను నేల మీద కూర్చుండిపోయాను.

"ఉందా?"

"ఉంది."

"పిండిలనా?"

"దుప్పట్లో. గిన్నె మూత గట్టిగానే ఉంది. ఇదిగో, ఫోన్ తిప్పుతాను..."

"వద్దు! చూపియ్యకు. తీసుకపోయి పెట్టెల ఎయ్."

ఒంటి కింద చెయ్యి పెట్టి ఎత్తాను. మణికట్టుకు చుట్టుకుంది. ఎప్పుడూ నా చెయ్యే దానికి వెచ్చగా ఉండేది. ఆ రోజు దాని ఒళ్ళే నా చేతికి వెచ్చగా ఉంది.

ముందు దాన్ని గాలి రంధ్రాలున్న ప్లాస్టిక్ డబ్బాలో ఉంచి, వైరును మూత కింద నుంచి తీసేశాను. జాలీ చట్రంలో సరిగ్గా వైరు పట్టేంత రంధ్రం చేసి, అందులోంచి దూర్చి, చుట్టూ సీల్ చేశాను. జిగురు ఆరాక పామును పెట్టెలోకి మార్చి క్లిప్పులు వేశాను. నాలుగోది 'టక్'మంది. ఫోన్‌లో ఉన్నవాడు, "ఆ చప్పుడు మల్లొకసారి ఇనిపియ్యి" అన్నాడు. వినిపించాను. అప్పుడు మెట్లెక్కి వచ్చాడు.

పాముల ఒంటి మీద మనకు జబ్బు చేసే సూక్ష్మక్రిములు ఉండొచ్చు. అందుకని దుప్పటి పారేశాం, ఆ గది నేలంతా మందు వేసి తుడిచాను. పిండి బాగానే ఉండి ఉంటుంది గానీ పారబోసింది వాడే. వచ్చిన వాళ్ళకు ఉప్మా పెట్టాడు. దోశలని చెప్పి ఉప్మా ఏంటన్నా అంటే, "పిండి పులువలే" అన్నాడు, మొహంలో ఏమీ కనపడనివ్వకుండా.

మాటంటే మాటే కాబట్టి, ఈలోగా నేను ఆ పెద్దావిడకు మెసేజ్ పెట్టాను. వచ్చే వారాంతం తెచ్చి ఇవ్వమని జవాబు వచ్చింది. అతిథులు వెళ్ళాక, గిన్నెలు తోముతూ వాడికి చెప్పాను.

"వచ్చే వారం ఇచ్చేస్తాను. ఆవిడ తీసుకుంటానన్నారు."

"ఎందుకు?"

"బయటికొస్తే పోవాలన్నావు కదరా."

"గట్ల అన్ననా? కనబడితే పోవాలె అన్న. నాకు కనబడ్డదా?"

"నువ్వు కార్‌లో ఉన్నావు."

"ఫోన్ల కనబడ్డదా?"

"చూపించొద్దన్నావు."

"మరి?" అని నా తడిచేతుల్లోంచి గిన్నె తీసుకుని తుడవడం మొదలుపెట్టాడు.

నేను చేతులు తుడుచుకుని ఆవిడకు మళ్ళీ రాశాను, తేవడం లేదని. ఎందుకని ఆవిడ అడగలేదు. మూత సంగతేంటని మాత్రం అడిగింది. నాలుగు క్లిప్పులూ కనపడేలా ఫొటో తీసి పంపాను. గదిలో వెలుతురు చాలకపోతే టార్చ్ పట్టుకున్నది వాడే. గుమ్మం దగ్గరే నిలబడి, చెయ్యి వీలైనంత చాచి, మొహం మాత్రం అటు తిప్పుకుని.