ఆముదం మిల్లులో కట్టని మూల

మొన్నొక సాయంత్రం మా మనవరాలు లాప్‌టాప్ ముందు కూర్చుని ఏదో ఫ్యాక్టరీకి పునాదులు డిజైన్ చేస్తుంటే, ఊరికే ఉండలేక పక్కన చేరాను. నేల ఎంత బరువు మోస్తుందో ఆ అంకెను ఒక గడిలో వేసింది, ఇంకేవో మీటలు నొక్కింది, ఎర్రగా ఉన్న బొమ్మంతా పచ్చబడింది, అయిపోయింది తాతా అంది. స్లైడ్ రూలు జరుపుకుంటూ, కాగితాలు చించుకుంటూ మేము రోజుల తరబడి చేసిన పని అది. మెచ్చుకోవలసింది పోయి, ఆ నేల అంకె నీకెవరిచ్చారని అడిగాను. రిపోర్టులో ఉందట. నువ్వు పోయి చూశావా అంటే నవ్వేసి, తాతకు అందరి మీదా అనుమానమేనని వాళ్ల అమ్మమ్మకు ఫిర్యాదు చేసింది.

అనుమానం కాక మరేముంటుంది? నాకు పని నేర్పిన పెద్దాయన హైదరాబాదులో చిన్న ఆఫీసు పెట్టుకున్న ఇంజనీరు. సిమెంటు బస్తాను నమ్మడు, మేస్త్రీని నమ్మడు, తాను నిన్న వేసిన లెక్కను ఇవాళ నమ్మడు. నా లెక్కలు సరిచూడమని ఆఫీసులో నాతో బొత్తిగా పడనివాడికి ఇచ్చేవాడు, వాడివి నాకిచ్చేవాడు. స్నేహితుడి కంటికి తప్పులు కనబడవని ఆయన వాదన. అట్లా ఒకరి మీద ఒకరం కసి తీర్చుకుంటూ మేము నిలబెట్టిన కట్టడాలు కొన్ని ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

అరవైల మొదట్లో దేవరకొండ అవతల ఒక షావుకారు ఆముదం మిల్లు పెట్టబోయాడు. ఆ రోజుల్లో మా నల్లగొండ మెట్ట చెలకల నిండా ఆముదాలేనని మన ఈడు వాళ్లకు చెప్పనక్కరలేదు. కరెంటు ఇంకా రాని ఊరు గనుక మిల్లు నడవాలంటే పెద్ద ఆయిల్ ఇంజన్ కావాలి. ఇంజన్ పునాది మామూలు గోడ పునాది వంటిది కాదు. అది కొట్టుకుంటున్నంత సేపూ కింది నేల అదురుతూనే ఉంటుంది, నేల మెత్తనిదైతే కాంక్రీటు దిమ్మె ఒక పక్కకు ఒరిగి, ఇరుసు వంకరపోయి, మిల్లు మూలన పడుతుంది. అందుకని ముందుగా అక్కడక్కడా గుంతలు తవ్వించి నేల చూసి రమ్మని పెద్దాయన నన్ను పంపాడు.

గుంత తవ్వి, అందులోకి దిగి మట్టి నలిపి చూసి, మళ్లీ పూడ్పించే మనిషిని ఆ ఊరు అంతకుముందు ఎరగదు. పక్కనే పాత ఖిలా ఉండె, నేలలో లంకెబిందెలున్నాయన్న మాట తరతరాలుగా ఉండె. ఇంకేముంది, నేను వచ్చింది వాటి కోసమేనని ఊరు తీర్మానించుకుంది. షావుకారు సైతం నా వెనకే తిరుగుతూ, "ఇల్లు కట్టేటోడు బునాది తవ్వుతడు గని, ఉత్తగ గుంతలు తవ్వుడేంది సార్?" అని ఆరా తీశాడు. నాకు మాత్రం అనుమానమంతా ఒక ముసలామె మీద ఉండేది. ఆ చెలకను షావుకారుకు అమ్మజూపిన కుటుంబంలో పెద్దదిక్కు ఆమె. పొద్దున్నే వచ్చి దక్షిణపు మూలన ఉన్న గుంత ఒడ్డునే కూర్చునేది, పొద్దుగూకే దాకా లేచేది కాదు.

ఇంజన్ పెట్టాలనుకున్నది సరిగ్గా ఆ మూలనే. మిగతా గుంతల్లో నడుము లోతుకే గట్టి మొరం తగిలి గడ్డపార ఖంగుమనేది, ఇక్కడ మాత్రం మెత్తగా దిగిపోతూనే ఉంది. ఎర్రమట్టిలో నల్లమట్టి కలగలిసి ఉంది, నడుమ రాళ్లు, కుళ్లిన మోకు ముక్క ఒకటి. ఎవరో తవ్వి పూడ్చిన జాగా అని తెలిసిపోతూనే ఉంది. ఆమె కొడుకును పిలిచి అడిగితే, తల వంచుకుని, మా అమ్మకు జర మతి సక్కగ లేదు సార్, ఏం లేదు అన్నాడు. ఆ మాటతో నా అనుమానం మరింత ముదిరింది, ఇంకా లోతుగా తవ్వమని కూలీలకు చెప్పాను.

అప్పుడామె ఒడ్డు మీది నుంచి జారుతూ గుంతలోకి దిగి, అడుగున కూర్చుంది. కూలీలు పారలు వదిలి పైకి ఎక్కేశారు. నేను కోపంగా దిగాను. ఆమె నా చెయ్యి పట్టుకుని మెల్లగా చెప్పింది.

"గీడ మా ఇంటాయన ఉన్నడు కొడుకా. బాయి తవ్వుతాంటే వానకు మట్టి కూలె. తీయబోతే ఇంకింత కూలె. ఇగ గట్లనే పూడిస్తిమి. ఇంక తవ్వకు కొడుకా."

గుంతలో దొరికిన మోకు ముక్క ఆ బావిదేనన్నమాట, దాన్ని మళ్లీ ఆ మట్టిలోనే పెట్టేశాను. ఆ మనిషి ఛాతీ మీద పొద్దంతా కొట్టుకునే ఇంజన్ పెట్టబోయింది నేనే కదా! కొడుకు పైనుంచే బతిమాలుకున్నాడు. రిజిస్ట్రీ ఇంకా కాలేదు, తెలిసిన ఊరి పాతవాళ్లు నోరు విప్పలేదు గానీ, కింద మనిషి ఉన్నాడని తెలిస్తే బయటి ఊరి షావుకారు ఆ నేలను ముట్టడు, వానలు లేక ఎండిపోయిన ఇల్లు ఆ అమ్మకం మీదనే గట్టెక్కాలి. నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు, పెద్దాయనకు మాత్రం పూడ్చిన నేల తగిలిందని కబురు పంపాను.

ఆయన బస్సు దిగి నేరుగా గుంత దగ్గరికి వచ్చాడు. ఎంత లోతుంటే గంత తవ్వి కాంక్రీటు నింపితే అయిపాయె గద అని షావుకారు పట్టుబట్టాడు. పెద్దాయన మట్టి నలిపి చూశాడు, ఒడ్డున కూర్చున్న ముసలామెను చాలాసేపు చూశాడు, ఇంకేమైనా చెప్పేది ఉందా అని నన్నడిగాడు. లేదన్నాను. ఎవరి మాటా నమ్మని ఆ మనిషి ఆ ఒక్కసారి మారు ప్రశ్న వేయలేదు. ఇంజన్ ఉత్తరం కొసన మొరం మీద పెడితేనే సంతకం చేస్తానని షావుకారుతో తేల్చి చెప్పాడు.

షావుకారు ఊరుకుంటాడా? వీళ్లకు బిందెలు దొరికాయి, తర్వాత వచ్చి ఎత్తుకుపోతారని గట్టిగా నమ్మి, ఆ గుంతను దగ్గరుండి పూడ్పించాడు. రిజిస్ట్రీ కాగానే చుట్టూ ముళ్లకంచె వేయించి, అక్కడ పార పెట్టినవాడి అంతు చూస్తానన్నాడు. ఆ అనుమానపు మనిషి తనకు తెలియకుండానే ఆ సమాధికి కాపలా కాశాడు.

నేను బయలుదేరేనాడు ఆమె ఎదురొచ్చి ఒకటే అడిగింది. "ఇంజన్ అదురు గీడిదాక వస్తదా?"

పక్క గోడ పగలకుండా చూసుకునే లెక్కలు తెలుసు గానీ, నిద్రపోయే మనిషి కోసం లెక్క నాకెవరూ నేర్పలేదు. ఆఫీసుకు పోయి దిమ్మె బరువు పెంచాను, అదురు అక్కడే ఆగేలా చుట్టూ కందకం తీసి ఇసుక నింపమని రాశాను. నాతో పడనివాడు అంత అవసరమేమిటని తప్పు పట్టాడు, పెద్దాయన కొట్టివేయలేదు. ఇంజన్ మొదలుపెట్టిన నాడు నేను మళ్లీ ఆ ఊరు వెళ్లాను. ఆమె వచ్చి, కంచె పక్కన కూర్చుని అరచెయ్యి నేలకు ఆనించి కళ్లు మూసుకుంది. "లేదు కొడుకా, సల్లగ పండుకున్నడు" అంది. ఆమె వెళ్లిపోయాక, నమ్మకం చాలక, నేనూ చెయ్యి పెట్టి చూశాను. ఏమీ తగలలేదు.

పోయినేడు ఆ దారిన పోతూ అక్కడ దిగాను. మిల్లు ఎప్పుడో మూతబడింది, ఆ జాగాలో పెద్ద కాంప్లెక్సు లేస్తోంది. సెల్లారు కోసం దక్షిణపు మూలతో సహా జాగా అంతా మిషన్లతో తవ్వేశారు. మా కాలంలో మనిషి లోతు గుంతకే ఊరంతా పోగై గుచ్చిగుచ్చి అడిగేది, విసుగొచ్చేది. ఇప్పుడు అంత గొయ్యి ఒడ్డున నిలబడి చూసేవాళ్లు లేరు, రోడ్డు మీద జనం తలైనా తిప్పకుండా పోతున్నారు. ఇక్కడి మట్టి ఎక్కడ పోశారని అక్కడి సూపర్‌వైజరును అడిగాను. లారీలు ఎటు తీసుకుపోయాయో తెలియదు, అయినా మీకెందుకన్నాడు. చెబితే వింటాడన్న నమ్మకం కలగలేదు. బస్సెక్కి వచ్చేశాను.