పాకం చూసే నాలుక

2022 డిసెంబరులో నేను బోధన్‌కు దగ్గర్లోని ఒక ఊరి సబ్‌సెంటర్‌లో ఏఎన్ఎంగా పనిచేస్తున్నాను. పసిపిల్లలకు టీకాలు వేయడం, గర్భిణులను చూసుకోవడం, బీపీ, షుగర్ ఉన్నవాళ్లకు నెలనెలా మాత్రలు ఇవ్వడం నా పని. దసరా నుంచే చెరుకు కోతలు నడుస్తున్నాయి. రోడ్డు పొడవునా ట్రాక్టర్ల మీద నుంచి రాలిన గడలు, ఊరి చివర బెల్లం గానుగ నుంచి తీయటి పొగ.

ఆ గానుగ సాయన్నది. అరవై దాటిన మనిషి. బెల్లం వండడంలో చుట్టుపక్కల ఊళ్లలో ఆయనకు పేరుంది. నా రిజిస్టర్‌లో మాత్రం ఆయన పేరు కింద ఎర్రగీత ఉండేది. ఫాస్టింగ్ షుగర్, అంటే పరగడుపున చూసే షుగర్, మూడు నెలలుగా రెండువందల అరవై నుంచి కిందికి దిగడం లేదు.

"మాత్రలు ఏస్కుంటున్నవా బాపూ?" అని అడిగేదాన్ని.

"ఒక్క పూట తప్పలే సిస్టరమ్మ."

"మరి తీపి?"

"ఆఖరికి చాయ్‌ల సుత చక్కెర బంద్ జేసిన. కావాల్నంటె మా ఇంట్ల అడుగు."

నేను నమ్మేదాన్ని కాదు. కళ్లు పోతాయనీ, కిడ్నీలు పోతాయనీ బెదిరించి పంపేదాన్ని. ఆయన తల వంచుకుని విని, మాత్రలు జేబులో వేసుకుని వెళ్లేవాడు. నెల తిరిగేసరికి మళ్లీ అదే అంకె.

షుగర్ తగ్గనివాళ్ల ఇళ్లకు వెళ్లి ఫ్యామిలీ హెల్త్ అసెస్‌మెంట్ చేయమని మా డాక్టరుగారు చెప్పారు. అంటే రోగిని ఒక్కడినే కాకుండా ఇంటిల్లిపాదినీ చూడటం. ఎవరికి ఏ జబ్బుంది, ఎవరు వండుతారు, ఎవరి మాట చెల్లుతుంది, ఎవరికి ఏ పని వచ్చు, ఇవన్నీ అడిగి రాసుకోవాలి. ఆ కాగితాల కట్టను ఫ్యామిలీ ఫోల్డర్ అంటాం.

ఫోల్డర్ పట్టుకుని సాయన్న ఇంటికి వెళితే తాళం వేసి ఉంది. అందరూ గానుగ దగ్గరే ఉన్నారు. సాయన్న భార్య రాజవ్వ రసం వడపోస్తోంది. కొడుకు గంగాధర్ గడలు అందిస్తున్నాడు. కోడలు సునీత పొయ్యిలోకి చెరుకు పిప్పి ఎగదోస్తోంది. సాయన్న పెద్ద పెనం ముందు నిలబడి ఉన్నాడు.

పాకం చిక్కబడుతున్న కొద్దీ ఆయన గరిటెతో కాస్త తీసి, ఊది, నాలుక మీద వేసుకునేవాడు. కళ్లు మూసి చప్పరించేవాడు. మళ్లీ తీసేవాడు. ఒక్క పెనం దిగేలోపు తొమ్మిదిసార్లు లెక్కపెట్టాను. రోజుకు నాలుగైదు పెనాలు దింపుతారట.

"బాపూ, తీపి తింటలేనంటివి గద?"

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "తినుడు ఏడున్నది సిస్టరమ్మ? నేను పాకం సూస్తున్న. తినుడు వేరు, సూసుడు వేరు."

ఆయన మూడు నెలలుగా అబద్ధం చెప్పలేదు. నేనే అడగాల్సింది అడగలేదు.

అప్పుడే ఆయన కాళ్ల వైపు చూశాను. చెప్పులు లేవు. పొయ్యి చుట్టూ వేడి బూడిద. నా సంచీలో మోనోఫిలమెంట్ ఉంది. అది గట్టి నైలాన్ దారం. పాదానికి ఆనించి, స్పర్శ తెలుస్తోందో లేదో దానితో చూస్తాం. ఆయనను మంచం మీద కూర్చోబెట్టి, కళ్లు మూసుకోమని, తగిలినప్పుడల్లా చెప్పమన్నాను. పదిచోట్ల ఆనించాను. ఆయన పలకలేదు.

కాసేపటికి, "ఎప్పుడు మొదలువెడ్తవ్ సిస్టరమ్మ?" అన్నాడు.

పాదం ఎత్తి చూస్తే మడమ కింద కాలిన పుండు. బూడిదలో తొక్కాడు, తెలియలేదు. రాజవ్వ ఆ పుండు చూసి కొడుకును కేకేసింది.

మర్నాడే గంగాధర్ ఆయనను నిజామాబాద్ పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. ఇంకొన్నాళ్లు ఆలస్యమైతే కాలికే ముప్పు వచ్చేదని చెప్పి, అక్కడి డాక్టర్లు పుండు శుభ్రం చేసి, మందులు మార్చారు. పొయ్యి దగ్గర నిలబడొద్దు, పాకం నోట్లో వేసుకోవద్దు అన్నారు.

రెండురోజులకు డ్రెస్సింగ్ మార్చడానికి వెళితే సాయన్న గోడకు తిరిగి పడుకుని ఉన్నాడు.

"నేను మంచం పడితె పాకం ఎవలు సూడాలె? గానుగ బంద్ వెట్టుకొమ్మను," అన్నాడు.

ఫోల్డర్ తెరిచాను. సగం ఖాళీగా ఉన్న పేజీలు నింపుదామని ఒక్కొక్కరినీ అడుగుతూ పోయాను. సునీత వంతు వచ్చింది. మహారాష్ట్ర సరిహద్దు అవతలి నుంచి ఈ ఇంటికి వచ్చిన పిల్ల.

"పుట్టింట్లో ఏం పని చేసేవాళ్లు?"

"మా బాబాది సుత గానుగనే. లగ్గం అయ్యేదాంక పాకం నేనే సూస్తుంటి, నాలిక మీద ఏస్కోకుంటనే."

సాయన్న ఇటు తిరిగాడు. రాజవ్వ నోరు తెరిచింది. "ఎనిమిదేండ్ల సంది ఒక్కనాడన్న చెప్పకపోతివేందే?"

"ఎవలు అడిగిన్రు అత్తమ్మ?" అంది సునీత నవ్వుతూ.

నాలుక మీద వేసుకోకుండా పాకం ఎలా చూస్తావని మామ నిలదీశాడు. చల్లటి నీళ్లలో చుక్క వేసి, వేలితో ఉండ చుట్టి, గిన్నె అంచుకు కొడితే టక్కున మోగాలి, అదే గురుతు అని చెప్పింది. ఆయన నమ్మలేదు. నిన్న పాకం ఆయనే చూసిన బెల్లం ముద్ద ఒకటి ఇంట్లో ఉంది. డాక్టర్ల మాట కాదని కుంటుకుంటూ గానుగకు పోయినట్టు అప్పుడు తెలిసింది. ఈరోజు పెనం సునీత దింపాలి, షుగర్ లేని రాజవ్వ రెండూ రుచి చూసి చెప్పాలి అన్నాను.

సాయంత్రం ఏది ఎవరిదో చెప్పకుండా రెండు ముక్కలు ఆమె చేతిలో పెట్టాను. రాజవ్వ ఒకటి చప్పరించి, రెండోది చప్పరించి, రెండో ముక్క పైకెత్తి చూపింది. "ఇగో, ఇది మా ముసలాయనది. ఆయన చెయ్యి నాకు తెల్వదా?"

అది సునీత దింపిన బెల్లం. గంగాధర్ నవ్వు ఆపుకోలేక బయటికి పరుగెత్తాడు. సాయన్న కాసేపు ముఖం గంటు పెట్టుకున్నాడు. ఆ తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు.

అక్కడి నుంచి పని తేలికైంది. సునీత గిన్నె, నీళ్లు పట్టుకుని పెనం దగ్గర నిలబడింది. సాయన్న చెప్పులు వేసుకుని దూరంగా కుర్చీలో కూర్చుని రసం రంగు చూసి సలహాలు చెప్పేవాడు. డ్రెస్సింగ్ చేయడం రాజవ్వకు నేర్పాను. ఇంట్లో అందరికీ షుగర్ పరీక్ష చేస్తే గంగాధర్‌కు ప్రీ డయాబెటిస్, అంటే షుగర్ గుమ్మందాకా వచ్చి ఆగిన స్థితి అని తేలింది. దాంతో సాయన్న ఒక్కడికే విడిగా వండటం మానేసి, అందరికీ జొన్నరొట్టె, ఆకుకూర మొదలుపెట్టింది రాజవ్వ. పుండు మానాక తండ్రీకొడుకులు పొద్దున్నే కాలువ గట్టు మీద నడిచేవారు. ఎండాకాలం వచ్చేసరికి ఫాస్టింగ్ షుగర్ నూట ముప్పైకి దిగింది. ఎర్రగీత కొట్టేసి ఆయనకే చూపించాను.

బెదిరించి, మాత్రలిచ్చి పంపడమే వైద్యం అనుకుని చాలా ఏళ్లు పనిచేశాను. ఒక ఇంటి జబ్బుకు మందు చాలాసార్లు ఆ ఇంట్లోనే, ఎవరూ అడగక ఊరుకున్న మనిషి దగ్గర ఉంటుందని ఆ కుటుంబం నేర్పింది. ఇప్పుడు ఏ ఇంటికి వెళ్లినా ముందు ఇంటివాళ్లను మాట్లాడనిస్తాను. నా పని ఆలస్యమవుతుంది, పైవాళ్లతో మాటలు పడతాను. అయినా మానలేదు.

మరుసటి ఏడు నేను వెళ్లినప్పుడు నిజామాబాద్ గంజ్ మార్కెట్ నుంచి ఒక షావుకారు వచ్చి ఉన్నాడు. ఈసారి బెల్లం బాగా కుదిరింది, ఏం చేశావని సాయన్నను అడిగాడు.

సాయన్న కుర్చీలోనే వెనక్కి వాలాడు. "నేనేం జెయ్యలే సేటూ. కూసున్న."