ఇద్దరికీ ఒకే ఉత్తరం

ఇవాళ పొద్దున ఇద్దరు విద్యార్థినులకు ఒకే సిఫారసు ఉత్తరం ఇచ్చాను. పేరు మాత్రం మార్చాను. కష్టపడే స్వభావం, క్రమశిక్షణ, మంచి నడవడిక: ఏళ్లుగా నా కంప్యూటర్లో పడి ఉన్న మాటలే. ఇద్దరూ పైచదువుకు ఒకే యూనివర్సిటీకి, ఒకే కోర్సుకు దరఖాస్తు పెడుతున్నారని అడిగి తెలుసుకోలేదు.

తార్నాకలో జిరాక్స్ తీయించుకుంటూ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసుకున్నారట. మధ్యాహ్నానికి మళ్లీ డిపార్ట్‌మెంటుకు వచ్చారు. వాళ్లలో లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో ఉండే అమ్మాయి మాట్లాడింది.

"సార్, ఇద్దరికీ సేమ్ టు సేమ్ ఉన్నది. ఆడ రెండూ ఒక్క టేబుల్ మీదికే పోతయి. రేపే లాస్ట్ డేట్ సార్."

తప్పు నాదని తెలిసే చిరాకుపడ్డాను. "అయితే మీరే రాసుకొని తీసుకరండి, సంతకం పెడతా" అన్నాను. మాలో చాలామందిమి చేసేది అదే.

"మా గురించి మేమే గొప్పగ ఎట్ల రాస్కుంటం సార్? మంచిగుండది."

పక్క టేబుల్ దగ్గర పేపర్లు దిద్దుతున్న సహోద్యోగిని కళ్లజోడు మీదుగా చూశారు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినావిడ. "మాస్టారూ, ఆ ఉత్తరం మా మేనత్తగారిక్కూడా సరిపోతుందండీ. ఆవిడా క్రమశిక్షణ గల మనిషే" అన్నారు. పిల్లలు నవ్వేశారు. నాకూ నవ్వక తప్పలేదు.

"లాలాపేట్ సర్వేలో ఈ పిల్ల ఏం చేసిందో పోయినేడు టీ తాగుతూ మీరే చెప్పారు కదండీ?" అని లాలాగూడ అమ్మాయిని చూపించారావిడ.

గుర్తొచ్చింది. నీళ్ల ఇబ్బంది మీద ప్రాజెక్టు. సర్వే పూర్తయ్యాక, "అన్నీ మగోళ్లే చెప్పిన్రు సార్, నీళ్లు పట్టేటోళ్లను అడగనే లేదు" అని అంతా పక్కన పెట్టి, నల్లా నీళ్లు వచ్చే వేళకు మళ్లీ గల్లీలన్నీ తిరిగింది. ఆ సంగతి అందరికీ చెప్పి మురిసిపోయినవాణ్ణి, రాయవలసిన చోట రాయలేదు.

"అదే రాయండి. మీరు మెచ్చుకోనక్కర్లేదు, జరిగింది చెప్పండి. మెచ్చుకునే పని చదివేవాళ్లకి వదిలేయండి" అన్నారావిడ. పేపర్లు పక్కన పెట్టి నా దగ్గర కూర్చుని, మొదటి పేరా రెండుసార్లు కొట్టేయించారు. ఇన్నేళ్లలో ఈ పని నాకెవరూ నేర్పలేదు, నేనూ అడగలేదు. ఆ ఓపికకు ఆవిడకు రుణపడి ఉన్నాను.

రెండో అమ్మాయి దగ్గరికి వచ్చేసరికి నా చేతులు ఆగిపోయాయి. రెండేళ్లు నా క్లాసులో కూర్చుంది. ఆమె గురించి చెప్పడానికి నా దగ్గర ఒక్క సంగతీ లేదు.

"నీ గురించి నాకేం తెల్వదమ్మా. తప్పు నాదే."

"గట్లేం లేదు సార్. నేనే క్లాస్‌ల మాట్లాడను గదా" అని ఆమే నన్ను ఊరడించింది.

కుర్చీ వేసి కూర్చోబెట్టి అడిగాను. నా ఇంగ్లీషు పాఠాలు అర్థం కాని జూనియర్లకు హాస్టల్లో తెలుగులో మళ్లీ చెబుతోందట. వాళ్లలో ఇద్దరిని పిలిపించుకొని విన్నాను. తర్వాతే రాశాను.

సాయంత్రం కొత్త ఉత్తరాలు చేతికిచ్చి పాతవి వెనక్కి తీసుకున్నాను. ఈ ఏడాది అదే ఉత్తరం పట్టుకెళ్లిన మిగతా పిల్లలకు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, ఇంకా గడువుంటే రేపు రమ్మన్నాను.