ల్యాంపు అప్పజెప్పే ముందు

బొగ్గుబావిలో పనిచేస్తూ టేకులపల్లి దగ్గర కాపురమున్న రోజుల్లో నాకు షుగర్ అని తేలింది. బూటు ఒరుసుకుని ఎడమకాలి బొటనవేలికి పుండు పడింది, మానలేదు. షుగర్ తగ్గకపోతే వేలు తీసేయాల్సి వస్తుందన్నాడు డాక్టరు.

రేపటి నుంచి నోరు కట్టేసుకుంటానని నా భార్యకు మాటిచ్చాను. ఆమె తెల్లవారకముందే లేచి జొన్నరొట్టె, అలసంద కూర కట్టిచ్చేది. అది బావిలో పదిగంటలకే అయిపోయేది. మధ్యాహ్నం రెండింటికి షిఫ్టు దిగి పైకి వచ్చేసరికి కడుపు కాలిపోయేది. గేటు బయటే మిర్చి బజ్జీల బండి. ఓ పొట్లం బజ్జీలు, చక్కెర ఎక్కువ వేసిన చాయ్. ఇంటికెళ్లి ఆకలి లేదనేవాణ్ణి. రొట్టె ఒంటికి పడుతోందని ఆమె సంబరపడేది.

మళ్లీ పరీక్ష చేయిస్తే షుగర్ తగ్గలేదు. ఇంట్లో ఏం వండి పెడుతున్నావంటూ డాక్టరు ఆమెను గట్టిగా మందలించాడు. ఆమె నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను. ఆ రోజు నుంచి కూరలో నూనె ఇంకా తగ్గించింది. తనూ అదే చప్పిడి కూర తినేది.

ఒకరోజు నా చొక్కా ఉతకబోతే జేబులో నూనె మరకల బజ్జీల పేపరు ముక్క దొరికింది. తెచ్చి నా కంచం పక్కన పెట్టింది.

"దవాఖానల నీకోసం నేను మాటలు వడ్డ. గది పోనీ. ఏ యాళ్లకు ఆగలేకపోతున్నవో గదొక్కటి చెప్పు."

ఆ ప్రశ్న నేనెప్పుడూ వేసుకోలేదు. మానేస్తానని ఒట్టేశానే గాని, మధ్యాహ్నం రెండింటి ఆకలికి నా దగ్గర ఏమీ పెట్టుకోలేదు. షిఫ్టు దిగి గేటు దాటేటప్పుడని తల దించుకుని చెప్పాను.

మర్నాటి నుంచి సగం రొట్టె వేరే గుడ్డలో కట్టింది. పైకి రాగానే, తలకు పెట్టుకునే ల్యాంపు అప్పజెప్పకముందే అది తినాలని అనుకున్నాం. ల్యాంపు ఇచ్చేశాక కాళ్లు నా మాట వినవని నాకు తెలుసు. ల్యాంపు రూము గట్టు మీద కూర్చుని నములుతుంటే తోటి కార్మికుడు నవ్వాడు.

"ఏంది బావా, దీపానికి నైవేద్యం వెడ్తున్నవా?"

షిఫ్టు మారిన వారం లెక్కంతా తప్పింది. రెండుసార్లు బండి దగ్గర ఆగాను. ఆ సంగతి ఆ రోజే ఆమెకు చెప్పేశాను. షిఫ్టు మారే ముందురోజే ఆ వారం రొట్టె ఎప్పుడు తినాలో ఇద్దరం కూర్చుని అనుకోవడం అప్పటి నుంచే మొదలైంది.

తర్వాతి పరీక్షకు వెళ్లినప్పుడు, కాగితం చూడకముందే డాక్టరుకు చెప్పాను, తప్పు ఆమె వంటది కాదని. ఈసారి షుగర్ తగ్గింది. బయటికొచ్చి బస్సు ఎక్కబోతూ ఆమె అంది.

"నన్ను తిట్టిన గా దినమే చెప్తే నీదేం పోతుండె?"

పుండు మానింది. వేలు దక్కింది.