ఫొటో వెనక రాసిన మాట

పైసందూ ఊళ్లో అంగళ్లకు వెబ్‌సైట్లు తయారుచేసే విల్మార్, చంకలో వేడినీళ్ల ఫ్లాస్కు, చేతిలో మాతె కషాయం లేకుండా గడప దాటడు. సైట్లో పెట్టే ప్రతి ఫొటో వెనకా, అందులో ఏముందో చూపులేనివాళ్లకు ఫోను చదివి వినిపించేలా రాసే చోటొకటి ఉంటుంది. గూగుల్లో వెతికితే ఆ అంగడే పైన కనబడాలని విల్మార్ అక్కడ సరుకుల పేర్లు కుక్కుతాడు. నెలిదా అత్త బేకరీ సైట్లో, పోయిన మామ ఫొటోకీ అదే చేశాడు.

నిన్న అతని చేతి కషాయం అందుకుంటూ, చూపు పోయిన అత్త అంది: "మీ మామ ఫొటో మీద వేలు పెడితే 'చవక రొట్టె, తాజా రొట్టె' అంటుందిరా. రెండేళ్లుగా రోజూ పెడుతున్నా, ఎప్పటికైనా ఆయన పేరు చెప్పకపోతుందా అని. నవ్వుతున్నాడా అందులో?"

"నవ్వుతున్నాడత్తా" అన్నాడు విల్మార్. ఫొటోలో ఉన్నది రొట్టెల పళ్లెం, దాన్ని పట్టుకున్న రెండు చేతులు. రొట్టెలు పెద్దగా కనబడాలని మొహం కత్తిరించి పారేసింది తనే.